పిల్లల బరువు, నడుము చుట్టుకొలత: తల్లిదండ్రులు, టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల బరువు, ఎత్తు, నడుము కొలవడం గురించి తల్లిదండ్రులు, అంగన్‌వాడీ టీచర్లు, బడి పంతుళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. ఇవి పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు ఉన్న పిల్లలకు వర్తిస్తాయి. కొలిచే పద్ధతి సరిగా లేకపోతే ఎంత ఖరీదైన యంత్రం చూపిన అంకె అయినా తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి, జవాబుల్లో పద్ధతికే ఎక్కువ చోటు ఇచ్చాం.

బరువు తూస్తే సరిపోదా? నడుము కూడా ఎందుకు కొలవాలి?

బరువులో ఎముక, కండ, నీరు, కొవ్వు అన్నీ కలిసి ఉంటాయి. ఆ కొవ్వు ఎంత ఉందో, ఒంట్లో ఎక్కడ చేరిందో కాటా చెప్పలేదు. తొడల్లో, చేతుల్లో చర్మం కింద చేరే కొవ్వు కంటే పొట్ట లోపల కాలేయం, పేగుల చుట్టూ చేరే కొవ్వు ఎక్కువ హాని చేస్తుంది. మధుమేహానికి, రక్తపోటుకు, కాలేయానికి కొవ్వు పట్టడానికి దారి తీసేది ఎక్కువగా అదే. దాని జాడ తెలుసుకోవడానికి ఇంట్లో మనకు అందుబాటులో ఉన్న తేలిక సాధనం టేపు.

భారతీయుల విషయంలో ఇది మరింత ముఖ్యం. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 22.3 మాత్రమే. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం ఉంటే, యాజ్ఞిక్‌కు 21.2 శాతం ఉంది. చూడటానికి సన్నగా ఉన్నా లోపల కొవ్వు ఎక్కువగా ఉండే ఈ శరీర తత్వం మన పిల్లల్లో పుట్టుకతోనే కనిపిస్తుందని పుణె చుట్టుపక్కల పల్లెల్లో జరిగిన అధ్యయనాలు చూపించాయి. అందువల్ల 'మావాడు సన్నగానే ఉన్నాడు, బరువు కూడా మామూలే' అని ఊరుకోకుండా నడుము కూడా కొలవాలి.

ఏ వయసు నుంచి నడుము కొలవాలి?

మన దేశపు పిల్లలకు 2 ఏళ్ల నుంచి 18 ఏళ్ల వరకు నడుము చార్టులు ఉన్నాయి. అయితే ఇళ్లలో, బడుల్లో కొలవడం 5 ఏళ్లు నిండాక మొదలుపెడితే చాలు. నడక నేర్చే వయసులో పిల్లల పొట్ట సహజంగానే ముందుకు ఉంటుంది. ఆ కొలత చూసి కంగారు పడవలసిన పని లేదు.

ఇంట్లో బరువు ఎలా తూచాలి?

కాటాను గచ్చు మీద, ఎగుడుదిగుడు లేని చోట పెట్టండి. చాప మీద గానీ, తివాచీ మీద గానీ పెడితే అంకె మారిపోతుంది. 100 గ్రాముల తేడా చూపించే డిజిటల్ కాటా మంచిది. ముల్లు తిరిగే పాత కాటాలు కొన్నాళ్లకు సున్నా దగ్గర నిలబడవు. ఏ కాటా అయినా అప్పుడప్పుడు సరిచూసుకోవాలి. సీలు విప్పని 10 కిలోల బియ్యం సంచిని దాని మీద పెట్టి చూస్తే, పెద్ద తేడా ఉన్నట్లయితే తెలిసిపోతుంది.

ఉదయం మూత్రవిసర్జన తర్వాత, ఏమీ తినకముందు, పలుచని బట్టలతో, చెప్పులు లేకుండా తూచడం ఉత్తమం. అలా వీలు కాకపోతే ప్రతిసారీ ఒకే వేళకు, ఒకే రకం బట్టలతో తూచండి. బూట్లు, బెల్టు, టై, జేబులో కంపాస్ బాక్సు ఉన్న పిల్లవాడిని అలాగే తూస్తే ఒక కిలో దాకా తేడా రావచ్చు. పిల్లవాడు కాటా మధ్యలో, దేన్నీ పట్టుకోకుండా, ముందుకు చూస్తూ నిలబడాలి. అంకె నిలకడగా ఆగాక వెంటనే రాసుకోండి. తర్వాత రాద్దామనుకుంటే ఆ అంకె గుర్తుండదు.

నిలబడలేని చంటిబిడ్డను ఎలా తూచాలి?

అంగన్‌వాడీ కేంద్రాల్లోనూ ఆసుపత్రుల్లోనూ పసిపిల్లలను పడుకోబెట్టి తూచే కాటాలు ఉంటాయి. ఇంట్లో అయితే ముందు తల్లి ఒక్కతే కాటా ఎక్కి అంకె చూసుకుని, తర్వాత బిడ్డను ఎత్తుకుని మళ్లీ ఎక్కాలి. రెండో అంకెలోంచి మొదటిది తీసివేస్తే బిడ్డ బరువు వస్తుంది. ఈ పద్ధతిలో కొంత తేడా ఉండక తప్పదు. నెల నెలా ఎదుగుదల చూడటానికి ఇది చాలదు కాబట్టి అంగన్‌వాడీ కాటానే నమ్ముకోవాలి. తడిసిన డైపరు, కాళ్ల కడియాలు, మందపాటి స్వెటరు తీసేసి తూచాలని వేరే చెప్పనక్కర్లేదు.

పుట్టిన మొదటి వారంలో బిడ్డ బరువు కొంత తగ్గి, రెండు వారాలు నిండేసరికి మళ్లీ పుట్టినప్పటి బరువుకు చేరుతుంది. ఆ తగ్గుదల చూసి తల్లిపాలు చాలడం లేదని డబ్బా పాలు మొదలుపెట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ తొందర వద్దు. తగ్గుదల పది శాతం దాటినా, రెండు వారాలకు కూడా పుట్టినప్పటి బరువు రాకపోయినా వైద్యులకు చూపించండి.

ఎత్తు కొలవడంలో పొరపాట్లు ఎక్కడ జరుగుతాయి?

ఎక్కువగా జుట్టు దగ్గర, మడమల దగ్గర జరుగుతాయి. రెండు జడలు మడిచి రిబ్బన్లతో కట్టిన అమ్మాయికి నడినెత్తి దగ్గర జుట్టు ఎత్తుగా ఉంటే, దాన్ని వదులు చేసి కొలవాలి. కొప్పు, క్లిప్పులు, పూలు తీసేయాలి. మడమలు, పిరుదులు, భుజాల వెనక భాగం గోడకు ఆనాలి. చూపు నేరుగా ముందుకు ఉండాలి. గడ్డం పైకెత్తితే ఎత్తు తగ్గి కనిపిస్తుంది. తల మీద గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని గోడకు లంబంగా ఆనించి, దాని అడుగున పెన్సిలుతో గీత గీసి, పిల్లవాడు పక్కకు వచ్చాక నేల నుంచి ఆ గీత వరకు కొలవండి.

2 ఏళ్ల లోపు పిల్లలను పడుకోబెట్టి పొడవు కొలుస్తారు. నిలబెట్టి కొలిస్తే అదే బిడ్డ దాదాపు 0.7 సెంటీమీటర్లు పొట్టిగా తేలుతుంది. ఒకసారి పడుకోబెట్టి, మరోసారి నిలబెట్టి కొలిచి బిడ్డ ఎదగడం లేదని అనుకోవద్దు.

ఎత్తు గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, బీఎంఐ లెక్కలో ఎత్తును రెండుసార్లు వాడతాం. 138 సెంటీమీటర్ల పిల్లవాడిని 136 అని రాస్తే, 38 కిలోల బరువుకు బీఎంఐ 20 నుంచి 20.5కు పెరుగుతుంది. అసలు కొలతలో రెండు సెంటీమీటర్ల తప్పు పిల్లవాడిని చార్టులో ఒక గీత పైకి నెట్టేయగలదు.

నడుము కొలిచేటప్పుడు టేపు సరిగ్గా ఎక్కడ పెట్టాలి?

అన్నిటికంటే ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి కాబట్టి ఈ జవాబు కొంచెం పొడవుగా ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే చోటు చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో ఉంటుంది. పిల్లవాడిని రెండు పాదాలూ దగ్గరగా పెట్టి, చేతులు వదులుగా వేలాడేసి నిలబడమనండి. మీరు పక్కన మోకాళ్ల మీద కూర్చుంటే టేపు మీ కళ్లకు ఎదురుగా వస్తుంది. చంకకు నేరుగా కింద వేలితో పక్కటెముకలను తడుముతూ కిందికి రండి. ఎముక అయిపోయి మెత్తగా తగిలిన చోట పెన్నుతో చిన్న చుక్క పెట్టండి. తర్వాత నడుముకు పక్కన చెయ్యి ఆనించి తుంటి ఎముక పై అంచును పట్టుకుని అక్కడ మరో చుక్క పెట్టండి. ఈ రెండు చుక్కల మధ్య దూరంలో సగం దగ్గర టేపు పెట్టాలి. బొద్దుగా ఉన్న పిల్లల్లో ఎముక వెంటనే దొరకదు. అప్పుడు పిల్లవాడినే వేలు పెట్టి చూపించమంటే చాలాసార్లు దొరుకుతుంది.

టేపు వీపు వెనక కిందికి జారకుండా చుట్టూ నేలకు సమాంతరంగా ఉండాలి. చర్మానికి తగులుతూ ఉండాలి గానీ నొక్కుకుపోకూడదు. మామూలుగా ఊపిరి తీసి వదలమనండి. వదిలిన చివర, మళ్లీ తీసేలోపు అంకె చూడాలి. కొలుస్తున్నారని తెలియగానే పొట్ట లోపలికి లాగేసుకునే పిల్లలే ఎక్కువ. వాళ్లను ఏదో ఒక మాటలో పెట్టి, రెండు మూడు ఊపిరులు తీసుకోనిచ్చి తర్వాత చూడండి. రెండుసార్లు కొలిచి సగటు రాసుకోండి. రెండిటి మధ్య ఒక సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా ఉంటే మూడోసారి కొలవండి. భోజనం చేసిన వెంటనే కొలవకండి.

టేపు సాగనిదై ఉండాలి. ఏళ్ల తరబడి వాడిన గుడ్డ టేపు సాగి ఉంటుంది, దానితో కొలిస్తే నడుము తక్కువగా తేలుతుంది. స్టీలు స్కేలు పక్కన పెట్టి చూస్తే సాగిందో లేదో తెలుస్తుంది.

బొడ్డు మీదుగా కొలిస్తే తప్పా? ప్యాంటు సైజు చూసుకుంటే చాలదా?

పొట్ట పెరిగిన కొద్దీ బొడ్డు కిందికి దిగుతుంది. ఎముకలు మాత్రం కదలవు. అందుకే బొడ్డును గుర్తుగా పెట్టుకోవద్దంటున్నాం. ప్యాంటు సైజు కంపెనీని బట్టి మారుతుంది, పైగా ప్యాంటు నడుము కంటే కిందికి కట్టుకుంటారు. దర్జీ తీసుకునే కొలత బట్ట వదులుగా ఉండేలా తీసుకున్నది, కాబట్టి అది కూడా పనికిరాదు.

మొలతాడు ఉన్న పిల్లలకు ఎలా కొలవాలి?

మొలతాడు సాధారణంగా తుంటి మీద, అంటే మనం కొలిచే చోటికి కింద ఉంటుంది. పైకి జరిగి ఉంటే కిందికి జరపండి, టేపు దాని మీదుగా వెళ్లకూడదు. అమ్మాయిలకు లంగా నాడా, లెగ్గింగ్ ఎలాస్టిక్ విషయంలో కూడా ఇంతే. బిగువైన ఎలాస్టిక్ చర్మాన్ని నొక్కి గాడి చేస్తుంది. దాన్ని కిందికి దించి, చర్మం సర్దుకునేదాకా ఒక నిమిషం ఆగి కొలవండి.

మొలతాడు బిగుతయిందని ఇంట్లో పెద్దవాళ్లు గమనించి చెబితే దాన్ని కొట్టిపారేయకండి. అది కొలత కాకపోయినా, టేపు తీయాల్సిన వేళ వచ్చిందని చెప్పే సూచన.

మా అబ్బాయి బీఎంఐ 20 వచ్చింది. పెద్దవాళ్లకు 18.5 నుంచి 25 మామూలంటారు కదా, బాగున్నట్టేనా?

కాదు. వయసు తెలియకుండా పిల్లల బీఎంఐకి అర్థం లేదు. బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ వస్తుంది. ఆ లెక్క పెద్దలకూ పిల్లలకూ ఒకటే. దాన్ని చదివే తీరు మాత్రం వేరు.

అదే 20ని మూడు వయసుల్లో చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టు ప్రకారం 5 ఏళ్ల అబ్బాయికి 20 ఉంటే అది ఊబకాయం. 10 ఏళ్ల అబ్బాయికి 18.5 దాటితే అధిక బరువు, 21.4 దాటితే ఊబకాయం కాబట్టి 20 అధిక బరువు కిందికి వస్తుంది. 16 ఏళ్ల అబ్బాయికి మాత్రం 20 దాదాపు నడిమి గీత మీద ఉంటుంది, దిగులు పడేది ఏమీ లేదు. అమ్మాయిలకు గీతలు వేరు. ఫోన్‌లో పెద్దలకోసం చేసిన బీఎంఐ యాప్‌లో పిల్లల అంకెలు వేసి చూసుకోవడం ఎందుకు ప్రమాదమో ఇప్పుడు అర్థమవుతుంది.

ఏ చార్టు వాడాలి? ఒక్కో చోట ఒక్కో మాట చెబుతున్నారు.

5 ఏళ్ల లోపు పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ప్రమాణాలు వాడతారు. వాటికోసం కొలిచిన ఆరు దేశాల పిల్లల్లో ఢిల్లీ పిల్లలు కూడా ఉన్నారు. మన అంగన్‌వాడీల్లో ఉన్నవి ఇవే. 5 నుంచి 18 ఏళ్ల వరకు ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో మన పిల్లల కొలతలతో చార్టులు తయారు చేసింది. పెద్దయ్యాక బీఎంఐ 23కు చేరే దారిని అధిక బరువుకూ, 27కు చేరే దారిని ఊబకాయానికీ హద్దుగా పెట్టింది. తక్కువ బీఎంఐ దగ్గరే మనవాళ్లకు మధుమేహ ముప్పు మొదలవుతుంది కాబట్టి ఈ హద్దులు సమంజసమైనవి. మన ఊళ్లలో పెరిగే పిల్లలకు ఇవే వాడమని మా సలహా.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు అక్కడి డాక్టరు ఆ దేశ ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చార్టు చూపిస్తారు. అందులో 85వ పర్సంటైల్ దాటితే అధిక బరువు, 95వది చేరితే ఊబకాయం. వందమంది ఒకే వయసు పిల్లలను కొలత తక్కువ ఉన్నవారు వెనక, ఎక్కువ ఉన్నవారు ముందు ఉండేలా వరుసగా నిలబెడితే మీ పిల్లవాడి కంటే వెనక ఎంతమంది ఉన్నారో చెప్పేదే పర్సంటైల్. ఆ వందమంది ఎవరన్నది చార్టును బట్టి మారుతుంది. అందుకే సెలవులకు ఇండియా వచ్చినప్పుడు ఇక్కడి డాక్టరు వేరే మాట చెబితే ఇద్దరిలో ఎవరూ తప్పు చేసినట్టు కాదు. ఏళ్ల తరబడి ఒకే చార్టులో గుర్తులు పెడుతూ పోవడం ముఖ్యం.

నడుము ఎంత ఉంటే ఎక్కువ అనుకోవాలి?

అన్నిటికంటే తేలికైన లెక్క ఒకటుంది: నడుము చుట్టుకొలత ఎత్తులో సగానికి తక్కువగా ఉండాలి. 138 సెంటీమీటర్ల పిల్లవాడికి నడుము 69 లోపు ఉండాలి. 72 ఉంటే, 72ను 138తో భాగించగా 0.52 వస్తుంది, అంటే హద్దు దాటింది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 5 ఏళ్లు దాటిన పిల్లలకు కూడా ఈ నిష్పత్తిని పరిశీలించవచ్చని చెప్పింది. చార్టు అవసరం లేదు, వయసు కూడా పెద్దగా అడ్డు రాదు. టేపు, ఎత్తు తెలిస్తే చాలు.

డాక్టర్లు వయసును బట్టి పర్సంటైల్ కూడా చూస్తారు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2007లో 90వ పర్సంటైల్‌ను హద్దుగా పెట్టింది. మన పిల్లల మీద చేసిన అధ్యయనం మాత్రం 70వ పర్సంటైల్ దాటగానే జాగ్రత్త పడాలని సూచించింది. 16 ఏళ్లు దాటినవారికి పెద్దల హద్దులే వర్తిస్తాయి: మన ప్రాంతంలో అబ్బాయిలకు 90 సెంటీమీటర్లు, అమ్మాయిలకు 80.

స్కూల్ రికార్డులో పుట్టిన తేదీ అసలుది కాదు. దానితో చూస్తే ఏమవుతుంది?

బడిలో చేర్చేటప్పుడు జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేయించే అలవాటు మనకు చాలాకాలం ఉంది, కొన్ని చోట్ల ఇంకా ఉంది. వయసులో ఏడాది తేడా వస్తే చార్టులో మామూలుగా ఉన్న పిల్లవాడు పొట్టివాడిగానో బరువు ఎక్కువైనవాడిగానో తేలుతాడు. అసలు తేదీ తల్లికి గుర్తుంటుంది, లేకపోతే టీకాల కార్డు మీద ఉంటుంది. ఎదుగుదల చూసేటప్పుడు దాన్నే వాడండి.

చంటప్పుడు ముద్దుగా, బొద్దుగా ఉండేవాడు. 5 ఏళ్లకు చిక్కిపోయాడు. జబ్బేమైనా ఉందా?

చాలావరకు ఉండదు. మొదటి ఏడాదిలో పెరిగిన బీఎంఐ ఆ తర్వాత తగ్గుతూ వచ్చి, 5, 6 ఏళ్ల దగ్గర అన్నిటికంటే తక్కువకు చేరి, మళ్లీ పెరగడం మొదలవుతుంది. 'చిక్కిపోయాడు, బలానికి ఏమైనా పెట్టండి' అని బంధువులు అనేది సరిగ్గా ఈ వయసులోనే. నిజానికి ఆ తిరుగు పెరుగుదల తొందరగా, 3, 4 ఏళ్లకే మొదలైన పిల్లలకే తర్వాత ఊబకాయం వచ్చే అవకాశం ఎక్కువ. ఎత్తు సక్రమంగా పెరుగుతూ, ఆటపాటల్లో చురుగ్గా ఉంటే బలవంతంగా తినిపించకండి.

తరచుగా తూస్తే దిష్టి తగులుతుందని మా అత్తగారు ఒప్పుకోరు. ఏం చేయాలి?

పిల్లవాడు బాగుండాలన్న ఆపేక్షే ఆమెతో ఆ మాట అనిపిస్తుంది, కాబట్టి వాదనకు దిగకండి. దిష్టి తీసే ఆచారానికీ తూచడానికీ ఒకదానితో ఒకటి అడ్డు లేదు. బరువు నలుగురిలో పైకి చెప్పకుండా కార్డు మీద రాసుకుంటే సరిపోతుంది. ఆ కార్డు మీది గీత పైకి వెళ్తుంటే చూపించండి. చాలామంది పెద్దవాళ్లు తర్వాతి నెల తామే గుర్తు చేస్తారు.

యుక్తవయసులో అంకెలు ఎందుకు అంత త్వరగా మారుతాయి?

అమ్మాయిలు సుమారు 12 ఏళ్ల దగ్గర, అబ్బాయిలు సుమారు 14 ఏళ్ల దగ్గర అన్నిటికంటే వేగంగా ఎత్తు పెరుగుతారు. దీనికి కాస్త ముందు బరువు పెరిగినట్టు కనిపించి, తర్వాత ఎత్తు అందుకునే పిల్లలు ఉంటారు. అమ్మాయిల్లో ఈ వయసులో తుంటి, తొడల దగ్గర కొవ్వు చేరడం ప్రకృతి సహజం, అది లోపం కాదు. ఒకే తరగతిలో ఒకరు ముందు, ఒకరు వెనక ఎదుగుతారు కాబట్టి స్నేహితులతో పోల్చడం వల్ల ఏ ఉపయోగమూ లేదు.

ఎదిగే పిల్లల బరువు తగ్గించాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. 138 సెంటీమీటర్ల ఎత్తు, 38 కిలోల బరువు ఉన్న 10 ఏళ్ల అబ్బాయి ఏడాదిలో 6 సెంటీమీటర్లు పెరిగి 144కు చేరి, బరువు ఒక్క కిలో మాత్రమే పెరిగి 39 దగ్గర ఆగితే, బీఎంఐ 20 నుంచి 18.8కి దిగుతుంది. 11 ఏళ్లకు అధిక బరువు గీత 19.2 కాబట్టి, ఒక్క కిలో కూడా తగ్గకుండానే దాని కిందికి వచ్చేస్తాడు. అందుకే ఈ వయసులో పస్తులు, డైట్లు పెట్టడం సరికాదు. పెరిగే ఎముకకూ కండకూ తిండి కావాలి.

బడిలో పిల్లలను కొలిచేటప్పుడు పాటించాల్సినవి ఏమిటి?

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికోసారి ప్రభుత్వ బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. చాలా ప్రైవేటు బడులు కూడా వైద్య శిబిరాలు పెడతాయి. ఆ రోజున తరగతి గది మధ్యలో కాటా పెట్టి, ఒక్కొక్కరి బరువూ గట్టిగా చదివి, మరొకరు రాసుకోవడం మనం చూస్తూనే ఉన్నాం. ఇది ఆపాలి. 13 ఏళ్ల అమ్మాయి బరువు నలభై మంది ముందు వినిపిస్తే ఆ సాయంత్రం నుంచే ఆమె అన్నం తగ్గించవచ్చు, లేదా తర్వాతి ఏడాది ఆ రోజు బడికే రాకపోవచ్చు. తెర కట్టిన మూల, ఒకరి తర్వాత ఒకరు, అంకె కొలిచేవారికి మాత్రమే కనిపించేలా కాటా తిప్పిపెట్టడం, ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు.

నడుము కొలిచే ముందు ఏం చేయబోతున్నామో చెప్పి ఒప్పుకున్నాకే తాకాలి. అమ్మాయిలను మహిళా ఉద్యోగే కొలవాలి, తోడుగా మరో టీచరమ్మ ఉండాలి. ఎవరైనా వద్దంటే బలవంతం చేయకూడదు. పలుచని బట్ట మీద కొలవాల్సి వస్తే ఆ సంగతి పక్కన రాసుకుంటే చాలు. ఫలితాన్ని తల్లిదండ్రులకు కవరులో పెట్టి పంపాలి, క్లాసు వాట్సాప్ గ్రూపులో కాదు.

పొట్ట పెద్దదిగా ఉంది కానీ కాళ్లు చేతులు సన్నగా ఉన్నాయి. ఇది కొవ్వేనా?

కాకపోవచ్చు. పోషకాహార లోపం, నులిపురుగులు, మలబద్ధకం, కాలేయం లేదా ప్లీహం పెరగడం, పొట్టలో నీరు చేరడం వంటి కారణాలతోనూ పొట్ట ఉబ్బుతుంది. అలాంటి పిల్లల్లో టేపు చూపే అంకెను కొవ్వుగా లెక్కపెట్టకూడదు. 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీ టీచరు దండచెయ్యి చుట్టూ రంగుల టేపు పెట్టి చూస్తారు. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే అది తీవ్ర పోషకాహార లోపం, వెంటనే ఆసుపత్రికి పంపాలి. రెండు పాదాలూ నొక్కితే గుంట పడేలా వాచి ఉంటే బరువు మామూలుగా ఉన్నా అది కూడా అత్యవసరమే, ఎందుకంటే ఆ బరువులో నీరు ఉంది.

చక్రాల కుర్చీలో ఉండే పిల్లలను ఎలా కొలవాలి?

బరువుకు పైన చెప్పిన ఎత్తుకుని తూచే పద్ధతి, పెద్ద పిల్లలకైతే కుర్చీతో సహా తూచి కుర్చీ బరువు తీసివేసే పద్ధతి పనికొస్తాయి. నిటారుగా నిలబడలేనివారి ఎత్తును మోకాలి కింది పొడవు నుంచి అంచనా వేస్తారు. దీన్ని ఫిజియోథెరపిస్టు దగ్గర చేయించుకోండి.

ఎన్నాళ్లకోసారి కొలవాలి?

మొదటి రెండు మూడేళ్లు అంగన్‌వాడీలో నెల నెలా తూయించండి. 5 ఏళ్లు దాటాక ఇంట్లో ఆరు నెలలకోసారి బరువు, ఎత్తు, నడుము మూడూ కలిపి కొలిస్తే చాలు. రోజూ తూచడం పిల్లల మనసుకు మంచిది కాదు. ఒక్క రోజులోనే కిలో అటూ ఇటూ మారడం మామూలు కాబట్టి, దాని నుంచి తెలిసేది కూడా ఏమీ లేదు. రోజుకు రెండు మూడుసార్లు తానే కాటా ఎక్కుతున్న అమ్మాయినీ, భోజనం మానేస్తున్న అబ్బాయినీ మందలించకుండా దగ్గర కూర్చుని మాట్లాడండి, అవసరమైతే డాక్టరుకు చూపించండి.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి?

చార్టులో గీత ఒక్కసారిగా పైకి గానీ కిందికి గానీ మలుపు తిరిగినప్పుడు, నడుము ఎత్తులో సగం దాటినప్పుడు, మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా మందంగా మారినప్పుడు వెళ్లాలి. ఆ నలుపు మురికి కాదు, రుద్దినా పోదు. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది గుర్తు కావచ్చు. బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోతే హార్మోన్ల పరీక్ష అవసరం కావచ్చు. పొద్దున లేవగానే కళ్ల చుట్టూ వాపుతో, నాలుగైదు రోజుల్లో బరువు పెరిగితే మూత్రపిండాలు చూపించాలి.

బాగా తింటూనే బరువు తగ్గుతూ, మాటిమాటికీ దాహం వేస్తూ, మూత్రానికి ఎక్కువసార్లు వెళ్తూ, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టిన పిల్లవాడిని మాత్రం అదే రోజు తీసుకెళ్లి రక్తంలో చక్కెర పరీక్ష చేయించండి. అది టైప్ 1 మధుమేహం కావచ్చు, రెండు మూడు రోజుల ఆలస్యం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. వెళ్లేటప్పుడు మీరు రాసుకున్న పాత కొలతల కార్డు వెంట తీసుకెళ్లండి.